ప్రకటనలో ‘కుంజరః’ ఎక్కడుందో ముందు చూడండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో కుదిస్తాను. ఒక కంపెనీ తన ఉత్పత్తి మీద వచ్చిన ఆరోపణను అధికారికంగా ఖండించింది. సంబంధిత మంత్రి కూడా ఆందోళన చెందాల్సిన అవసరం లేదన్నారు. ఇద్దరు బాధ్యత గలవారు సంతకం పెట్టి చెప్పిన మాటను కూడా అనుమానిస్తే, ప్రతిదాని వెనకా కుట్ర చూసేవారికీ మనకూ తేడా ఏమిటి?

న్యాయమైన ప్రశ్న. నేను పద్దెనిమిదేళ్లు కంపెనీల ప్రజా సంబంధాల విభాగాల్లో పనిచేశాను. ఖండనలు, వివరణలు, విచారం వ్యక్తం చేసే లేఖలు రాయడమే నా ఉద్యోగం. మధ్యలో రెండేళ్లు ఒక ప్రజాప్రతినిధి కార్యాలయానికీ రాశాను. ఆ అనుభవంతో ముందు ఒక మాట చెప్పాలి. అధికారిక ప్రకటనల్లో పచ్చి అబద్ధాలు మీరు అనుకునేంత ఎక్కువ ఉండవు. పచ్చి అబద్ధం పట్టుబడుతుంది, కోర్టులో ఖరీదవుతుంది. అందుకని ప్రతి వాక్యమూ నిజంగానే ఉండి, మొత్తం చదివినవారికి మాత్రం తప్పు అభిప్రాయం కలిగేలా రాయడం ఒక విద్యగా పెరిగింది.

కొత్త విద్యేమీ కాదు. అశ్వత్థామ అనే ఏనుగు నిజంగానే చచ్చింది. ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అన్నదీ నిజమే, ‘కుంజరః’ అన్నదీ నిజమే. మోసమంతా గొంతు పెంచి తగ్గించడంలో ఉంది. ఈ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఇంకొకటి. ద్రోణుడు భీముడి మాట నమ్మక ధర్మరాజునే అడిగాడు, ఆయన అబద్ధమాడడని. అందుకే ఆ మాట ఆయన నోటితోనే చెప్పించారు. ఇప్పటి కంపెనీలు ఎవరిచేత ప్రకటన చదివించాలో ఎంచుకునేటప్పుడు చేసే లెక్క కూడా సరిగ్గా ఇదే.

ప్రకటన ఎలా తయారవుతుందో చెబితే సగం సంగతి మీకే అర్థమవుతుంది. నేను పనిచేసిన ఒక కంపెనీలో, మేము అమ్మే ఛార్జర్ ఒకటి వేడెక్కి కరుగుతోందని ఫిర్యాదులు వచ్చాయి. సర్వీసు విభాగం ఇంజనీరు రాసిచ్చిన చిత్తు ప్రతి ఇది: ‘ఇరవై ఆరు ఫిర్యాదులు అందాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే బ్యాచ్‌వి. కారణం ఇంకా తెలియలేదు. తెలిసేదాకా ఆ బ్యాచ్ ఛార్జర్లు వాడకపోవడం మంచిది.’ ఆ కాగితం ఉదయం నా దగ్గరికి వచ్చింది. సాయంత్రంలోగా ఆరు బల్లలు తిరిగింది. న్యాయ విభాగం సంఖ్య తీసేయమంది, రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే ఆ లెక్కను మనమే ఒప్పుకున్నట్టవుతుందని. అమ్మకాల విభాగం ‘వాడకపోవడం మంచిది’ అన్నది ఉండకూడదంది, డీలర్లు సరుకంతా తిప్పి పంపుతారని. త్రైమాసిక ఫలితాలు పది రోజుల్లో ఉన్నాయి కాబట్టి ‘బ్యాచ్’ అన్న మాటే వద్దని ఆర్థిక విభాగం పట్టుబట్టింది. ‘కారణం తెలియలేదు’ అన్నది మా పై అధికారికి నచ్చలేదు. తనకే తెలియదని చెప్పుకునే కంపెనీని ఎవరు నమ్ముతారు అన్నారాయన.

చివరికి బయటికి వెళ్లింది ఇది: ‘కొద్దిమంది వినియోగదారుల నుంచి అందిన సమాచారాన్ని క్షుణ్ణంగా పరిశీలిస్తున్నాం. మా ఉత్పత్తులన్నీ నిర్దేశిత భద్రతా పరీక్షల్లో ఉత్తీర్ణమైన తర్వాతే మార్కెట్లోకి వస్తాయి. వినియోగదారుల భద్రతే మాకు అన్నిటికన్నా ముఖ్యం.’

ఆ రోజంతా అబద్ధమాడమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరి ఉద్యోగం వారు చేశారు. రెండో వాక్యం అక్షరాలా నిజం, ఆ ఛార్జర్ పరీక్షలన్నీ దాటే వచ్చింది. ఇప్పుడు కరుగుతోందా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే. ఇంజనీరు చెప్పదలచుకున్న ఒకే ఒక్క పనికొచ్చే మాట, ఆ బ్యాచ్ వాడకండి అన్నది, దారిలో ఎక్కడో జారిపోయింది. ఏడు వారాల తర్వాత ఆ బ్యాచ్‌ను వెనక్కి పిలిపిస్తూ ఇంకో ప్రకటన రాశాను. భద్రతే ముఖ్యం అన్న వాక్యాన్ని అందులోనూ పెట్టాను. మొదటి ప్రకటన ఈలోగా వెబ్‌సైటులోంచి మాయమైంది.

అందుకే ప్రకటనను నేను జరిగినదాని గురించిన సమాచారంగా చదవను. సంస్థలో ఎవరెవరికి ఏమేమి భయాలున్నాయో వాటన్నిటి మధ్య కుదిరిన రాజీపత్రంగా చదువుతాను. అలా చదివితే అందులో బోలెడంత సమాచారం ఉంటుంది. సంఖ్య లేదంటే సంఖ్య భయపెట్టేదిగా ఉందన్నమాట. తేదీ లేదంటే ఎప్పటి నుంచి తెలుసు అన్న ప్రశ్న ఇబ్బందికరమన్నమాట.

ప్రకటన రాసేవారు సాధారణంగా చూసుకునేది ఎదుటివారి దగ్గర ఏ ఆధారం ఉండవచ్చు అని. దీనికి 1960 నాటి యూ-2 విమానం కథను మించింది నాకు కనిపించలేదు. ఆ ఏడాది మే 1న అమెరికా గూఢచారి విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చింది. పైలట్ బతికి ఉండడని అమెరికా అధికారులు లెక్కవేసుకున్నారు. వాతావరణ పరిశోధనకు వెళ్లిన విమానం దారి తప్పిందని, ఆక్సిజన్ ఇబ్బందిగా ఉందని పైలట్ చెప్పాడని అంతరిక్ష సంస్థ నాసా పేరుతో ప్రకటన ఇచ్చారు. అలాంటి మరో విమానానికి నాసా గుర్తులు వేసి విలేఖరులకు చూపించారు కూడా. మే 7న సోవియట్ నేత క్రుష్చేవ్ అసలు సంగతి బయటపెట్టాడు: పైలట్ గారీ పవర్స్ బతికే ఉన్నాడు, తమ చేతిలోనే ఉన్నాడు. చచ్చిపోయాడనుకున్నవాడు తిరిగి చెప్పలేడు కదా అన్న ధీమా మీద కట్టిన కథ అది. ఇక్కడ కూడా నమ్మకమున్న నోటినే వెతికారని గమనించండి. గూఢచారి సంస్థ చెబితే ఎవరు వింటారు? నాసా చెప్పాలి.

కంపెనీల విషయంలో ఇదే లెక్క కొన్నిసార్లు ఏళ్ల తరబడి సాగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు ప్రయోగశాలలో ఒక రకంగా, రోడ్డు మీద మరో రకంగా పొగ వదులుతున్నాయని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకుల కొలతలు 2014లో చూపించాయి. అధికారులు అడిగితే, సాంకేతిక ఇబ్బందులనీ వాడకంలో ఎదురైన అనుకోని పరిస్థితులనీ కంపెనీ ఏడాదికి పైగా చెబుతూ వచ్చింది. 2014 డిసెంబరులో దాదాపు ఐదు లక్షల కార్లను స్వచ్ఛందంగా వెనక్కి పిలిపించి సాఫ్ట్‌వేర్ మార్చింది. ‘స్వచ్ఛందంగా’ అన్న మాట ఎక్కడ కనబడినా నేను కొంచెం నిటారుగా కూర్చుంటాను. 2016 మోడళ్లకు అనుమతి ఇవ్వబోమని అధికారులు తేల్చి చెప్పాక గానీ, పరీక్షను గుర్తుపట్టి మోసం చేసే సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ ఒప్పుకోలేదు. 2015 సెప్టెంబరులో విషయం ప్రపంచానికి తెలిసింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ పది లక్షల కార్లలో అది ఉందని తేలింది.

పొగాకు కంపెనీలది వేరే దారి. 1954 జనవరి 4న అమెరికాలో నాలుగు వందలకు పైగా పత్రికల్లో వాళ్లలో చాలామంది కలిసి ఒక పెద్ద ప్రకటన వేయించారు. ప్రజల ఆరోగ్యం తమకు వ్యాపారం కన్నా ముఖ్యమని, పరిశోధనకు సాయం చేస్తామని అందులో రాశారు. సిగరెట్ మంచిదని మిమ్మల్ని నమ్మించడం వాళ్లకు అవసరం లేదు. ఇంకా ఏదీ తేలలేదు అనిపిస్తే చాలు, మీరు ఇంకో పెట్టె కొంటారు. 1969 నాటి ఒక కంపెనీ అంతర్గత పత్రంలో ఈ సంగతి దాపరికం లేకుండా ఉంది: తాము తయారుచేసే సరుకు సందేహమే అని. 1994 ఏప్రిల్‌లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనకారి అని తాము నమ్మడం లేదని వరసగా చెప్పారు. ‘నమ్మడం లేదు’ అన్న క్రియను చూడండి. మనసులో ఏముందో ఎవరు రుజువు చేయగలరు? 2006లో అక్కడి ఫెడరల్ కోర్టు ఈ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను మోసం చేశాయని తీర్పిచ్చింది. అందుకే నిర్ధారణ కాలేదు, పరిశోధనలు జరుగుతున్నాయి అనే రకం ప్రకటనను, అది ఎంత వినయంగా ఉన్నా సరే, ఊరికే వదలకండి. శాస్త్రవేత్త నోట ఆ మాట వేరు, సరుకు అమ్ముకునేవాడి నోట వేరు.

ఇక మాటల సంగతి. తెలుగులో ఈ పనికి వ్యాకరణమే సాయపడుతుంది. ‘పగలగొట్టాం’ అనాల్సిన చోట ‘పగిలింది’ అంటే సరిపోతుంది. ‘పోగొట్టాం’ అనాల్సిన చోట ‘పోయింది’ అనవచ్చు. చేసినవాడు ఎవరో చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది. ‘కొన్ని పొరపాట్లు జరిగాయి’ అన్నది ఈ జాతిలో రాజు లాంటి వాక్యం.

‘దుర్వినియోగం జరిగినట్టు మాకు ఎలాంటి ఆధారాలూ లభించలేదు’ అన్నది ఇంకొకటి. ఎవరు వెతికారు? ఎక్కడ వెతికారు? ఎన్నాళ్లు? వెతకనివారికీ ఆధారాలు లభించవు. సంఖ్యలకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్నెట్ సంస్థ యాహూలో 2013లో జరిగిన సమాచార చోరీ మొదట బయటపడినప్పుడు, అంటే 2016 డిసెంబరులో, వంద కోట్ల ఖాతాలన్నారు. 2017 అక్టోబరులో అది మూడు వందల కోట్లయింది, అంటే అప్పటి ఖాతాలన్నీ. మొదటి సంఖ్య అబద్ధమని నేననడం లేదు. మొదటి రోజు ఇచ్చే సంఖ్య అప్పటికి తప్పించుకోలేని సంఖ్య మాత్రమే అని అనుభవంతో చెబుతున్నాను.

కాలం మార్చడం కూడా చేస్తారు. జరిగిందా అని అడిగితే, జరగడం లేదు అంటారు. ఎంచుకున్న మాట కన్నా వద్దన్న మాట ముఖ్యమయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2011 మార్చిలో ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక ఇంధనం కరిగిపోయిందని నిర్వాహక సంస్థ టెప్కో ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి అధ్యక్షుడు ‘మెల్ట్‌డౌన్’ అన్న పదమే వాడవద్దని సిబ్బందికి చెప్పినట్టు 2016లో ఒక విచారణ తేల్చింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం గురించి సోవియట్ వార్తా సంస్థ ఇచ్చిన మొదటి ప్రకటన నాలుగైదు చిన్న వాక్యాలు. రియాక్టర్ దెబ్బతింది, చర్యలు తీసుకుంటున్నాం, బాధితులకు సాయం అందుతోంది, కమిషన్ వేశాం. రేడియేషన్ అన్న మాట అందులో లేదు. ఆ మాత్రం ప్రకటన కూడా స్వీడన్‌లోని అణు కేంద్రంలో అలారం మోగాక వచ్చింది.

నేను స్వయంగా చాలాసార్లు వాడిన, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడే ఉపాయం ఇంకొకటి ఉంది. ఆరోపణను కొంచెం పెంచి, పెంచిన రూపాన్ని ఖండించడం. ఒక బ్యాచ్‌లో లోపం ఉందని పత్రికలో వస్తుంది. ‘మా ఉత్పత్తులన్నీ ప్రమాదకరమంటూ సాగుతున్న ప్రచారం పూర్తిగా అవాస్తవం’ అని మేం ఖండిస్తాం. అలా ఎవరూ రాయలేదు కాబట్టి ఖండన నూటికి నూరుపాళ్లు నిజం. కాబట్టి ఖండన చదివేటప్పుడు పక్కన అసలు వార్త పెట్టుకోండి. వార్తలోని ఏ వాక్యాన్ని ఖండించారు, దేన్ని ముట్టుకోలేదు? ముట్టుకోని వాక్యాలు తరచుగా నిలబడతాయి. ‘అవాస్తవం, నిరాధారం, దురుద్దేశపూరితం’ అని మూడు విశేషణాలు వరసగా వేసి ఒక్క వివరం కూడా ఇవ్వని ఖండన, నా లెక్కలో, సగం ఒప్పుకోలు.

రాజకీయ నాయకుల దగ్గర ఇవన్నీ ఉంటాయి, పైగా వాళ్లకు వాడుకలో ఉన్న వాక్యాల నిధి పెద్దది. నా మాటలను వక్రీకరించారు, చట్టం తన పని తాను చేసుకుపోతుంది, ఎంతటివారైనా వదిలిపెట్టేది లేదు. వీటిలో పరీక్షించడానికి ఏమీ లేదు కాబట్టి వాటి మీద సమయం వృథా. ‘విచారణకు ఆదేశించాం’ అన్నది మాత్రం పరీక్షించదగినది: ఎవరు చేస్తారు, గడువు ఎంత, నివేదిక బయటపెడతారా? ఈ మూడూ లేకపోతే వార్త చల్లారేదాకా కాలయాపన అని అనుకోవచ్చు.

నాయకుడు తాను చెప్పేది మనస్ఫూర్తిగా నమ్మి తప్పు చెప్పడం కూడా జరుగుతుంది. బందీలను విడిపించుకోవడానికి ఇరాన్‌కు ఆయుధాలు ఇవ్వలేదని 1986 నవంబరులో దేశానికి గట్టిగా చెప్పిన అమెరికా అధ్యక్షుడు రీగన్, 1987 మార్చి 4న మళ్లీ టీవీ ముందుకొచ్చారు. తాను అప్పుడు చెప్పింది నిజమేనని తన హృదయం ఇప్పటికీ అంటోందని, సాక్ష్యాలు మాత్రం కాదంటున్నాయని ఒప్పుకున్నారు. మనిషి నిజాయితీపరుడా కాదా అన్న చర్చ అందుకే నాకు పెద్దగా పనికిరాదు.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది, కంపెనీ చెప్పింది, మంత్రి కూడా చెప్పారు అన్న ‘కూడా’. ఇద్దరు చెప్పారంటే రెండు సాక్ష్యాలని మనకు అనిపిస్తుంది. ప్రజాప్రతినిధి కార్యాలయంలో నేను రాసినప్పుడు ఏం జరిగేదో చెబుతాను. ఒక సంస్థ మీద ప్రశ్న వస్తే సంబంధిత శాఖను వివరణ అడుగుతాం. శాఖ ఆ సంస్థనే అడుగుతుంది. సంస్థ పంపిన రెండు పేజీలను శాఖ ఒక పేజీ చేస్తుంది, నేను దాన్ని ఆరు వాక్యాలు చేస్తాను, మా నాయకుడు చదువుతారు. ఒకే తొట్టి నీళ్లు రెండు కుళాయిల్లోంచి వస్తాయి. బోయింగ్ 737 మాక్స్ విమానం 2018 అక్టోబరులో ఇండోనేషియా దగ్గర సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. విమానం భద్రమైనదేనని కంపెనీ చెప్పింది. 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండోది కూలి 157 మంది పోయారు. మర్నాడు కూడా అది ఎగరడానికి యోగ్యమైనదేనని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ప్రకటించింది. మార్చి 13న ఆపేసింది. ఆ విమానం ధ్రువీకరణలో చాలా భాగం పనిని ఆ సంస్థ బోయింగ్ ఉద్యోగులకే అప్పగించిందన్నది తర్వాత అందరికీ తెలిసింది.

ఇప్పుడు కుట్ర సిద్ధాంతాల సంగతి. అన్నీ అబద్ధాలే అనేవాడికీ అన్నీ నిజాలే అనేవాడికీ పని ఒకటే తక్కువ: ఇద్దరూ దేన్నీ తెరిచి చూడనక్కర్లేదు. పైన చెప్పిన ఉదంతాలను మళ్లీ ఒకసారి చూడండి. ఒక్కటైనా ఊహాగానం వల్ల బయటపడిందా? ఫోక్స్‌వ్యాగన్‌ను పట్టించింది కొలత. పొగాకు కంపెనీలను పట్టించింది కోర్టు ఆదేశంతో బయటికొచ్చిన వాళ్ల సొంత కాగితాలు. వియత్నాం యుద్ధాన్ని పెద్దది చేయడానికి సాకుగా చూపిన 1964 ఆగస్టు 4 నాటి టోంకిన్ సింధుశాఖ దాడి ఆ రాత్రి అసలు జరగలేదని తేల్చింది, 2005లో రహస్య ముద్ర తీసేసిన అమెరికా నిఘా సంస్థ సొంత చరిత్రకారుడి అధ్యయనం. అధికారిక ప్రకటనను కూల్చింది ఎక్కువసార్లు మరో అధికారిక పత్రమే. సందేహించేవాడు ప్రకటన దగ్గర ఆగకుండా రికార్డు దగ్గరికి వెళ్తాడు, రికార్డు చూశాక అవసరమైతే తన అనుమానాన్ని వదులుకుంటాడు. కుట్రవాది ఆ రెండోది చేయడు.

అమెరికా పాత్రికేయుడు ఐ.ఎఫ్. స్టోన్ ఈ పద్ధతికి మంచి నమూనా. ఆయనకు రహస్య మిత్రులెవరూ పెద్దగా లేరు, బహిరంగ పత్రాలే చదివేవాడు. 1957లో నెవాడాలో భూగర్భ అణు పరీక్ష జరిగింది. రెండు మూడు వందల మైళ్లు దాటి దాన్ని ఎవరూ పసిగట్టలేకపోయారని అణుశక్తి కమిషన్ తర్వాత ప్రకటించింది. అలాంటి పరీక్షలను దూరం నుంచి పట్టుకోలేమంటే నిషేధ ఒప్పందం వ్యర్థమన్న వాదనకు బలం వస్తుంది, కాబట్టి అది అమాయకమైన సంఖ్య కాదు. స్టోన్ భూకంపాలు నమోదు చేసే ప్రభుత్వ విభాగాన్ని అడిగాడు. రెండు వేల మైళ్లకు పైగా దూరంలోని అలాస్కా కేంద్రంలో కూడా నమోదైందని వాళ్లు మామూలుగా చెప్పేశారు. కమిషన్ సవరించుకోక తప్పలేదు. ప్రకటన ఇచ్చేదీ ప్రభుత్వమే, దాన్ని తప్పని చూపిన కాగితమూ ప్రభుత్వానిదే.

నమ్మదగిన ప్రకటనలు లేవని అనుకోకండి. చెప్పేవారికి నష్టం తెచ్చే ప్రకటన సాధారణంగా నమ్మవచ్చు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో దుకాణాల్లోని టైలినాల్ మందు సీసాల్లో సయనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ ఆ మందు వాడవద్దని చెప్పి, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటన వెనక కోట్ల డాలర్ల ఖర్చు ఉంది. అలాగే తేదీ, సంఖ్య, పేరు ఉండి, తప్పయితే మూడో మనిషి పట్టుకోగలిగేలా ఉన్న ఖండనకు నేను విలువ ఇస్తాను. అదే కంపెనీ విలేఖరులకు ఒకటి చెప్పి స్టాక్ ఎక్స్ఛేంజికి మరొకటి రాస్తే, రెండోదాన్ని నమ్ముతాను. అక్కడ తప్పు రాస్తే శిక్ష ఉంటుంది. వార్షిక నివేదికల చివర చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్, ఆడిటరు అభ్యంతరాలు చదవడం విసుగు పుట్టించే పనే. కానీ మెల్లగా పలికిన ‘కుంజరః’ చాలాసార్లు నాకు అక్కడే వినిపించింది.

మీరు అడిగిన ఉదంతంలోనైతే నేను చేసేది ఇది. రెండు ప్రకటనలనూ ఈరోజే భద్రపరుస్తాను, వెబ్‌సైటును నమ్ముకోను. మంత్రి మాటకు ఆధారం స్వతంత్ర ప్రయోగశాల పరీక్షా, కంపెనీ పంపిన నోటా అని సంబంధిత శాఖను రాతపూర్వకంగా అడుగుతాను. అసలు ఆరోపణలోని ఏ వాక్యానికి జవాబు రాలేదో గీత గీసి పెట్టుకుంటాను. జవాబు వచ్చేదాకా, ఆ వస్తువు లేకుండా గడిచేదైతే వాడను. గడవకపోతే దాన్ని గమనిస్తూ వాడతాను, కంపెనీ అబద్ధమాడిందని మాత్రం ఎవరికీ చెప్పను, ఎందుకంటే అది నాకింకా తెలియదు. ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి డైరీలో రాసుకుని, ఆ రోజు రెండు కాగితాలూ మళ్లీ తీసి చదువుతాను.